సన్నాయి నేర్చుకునే పిల్లలకి మొదటి ఏడాదే సర్క్యులర్ బ్రీతింగ్ నేర్పాలా?

పర్లాకిమిడి_మేళం:
మన ఒడిశా గజపతి, గంజాం జిల్లాల వైపు సన్నాయి పట్టిన పిల్లలు నెల తిరక్కుండానే యూట్యూబ్ చూసి సర్క్యులర్ బ్రీతింగ్ మొదలెడుతున్నారు. అదే, బుగ్గల్లో దాచిన గాలిని పీకలోకి (గొంతు కాదు, సన్నాయికి నోటి దగ్గరుండే రీడు) తోస్తూ, ఆ క్షణంలోనే ముక్కుతో కొత్త గాలి లాక్కోవడం. కనీసం ఏడాది ఆగాలని నేనంటాను. సన్నాయిలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, సగం వేళ్లది, సగం పెదవులది. పీకని పెదవి బిగిస్తే స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. బుగ్గ ఉబ్బగానే పెదవి మూలలు సడలిపోతాయి, షడ్జమం పట్టు తప్పి కిందికి జారుతుంది. శ్రుతి ఇంకా చెవికి ఎక్కని పిల్లాడికి ఆ జారడం వినబడదు. అదే సరైన స్వరమనుకుని సాధన చేస్తాడు. తర్వాత దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

గుణుపురం_గాలి:
మేళం గారూ, పెదవి సంగతి ఒప్పుకుంటాను. ఏడాది ఆగడం మాత్రం ఒప్పుకోను. మేళంలో శ్రుతి సన్నాయి పట్టేవాళ్లని గుర్తు చేసుకోండి. ఒకే స్వరం, తెగకూడదు, పెళ్లి తంతు ఎంతసేపైతే అంతసేపు. శిష్యుల్ని ముందు ఆ పక్కనే కూర్చోబెట్టేవారు. గమకం లేదు, వేళ్ల పని లేదు, దమ్ము ఒక్కటే. పక్కన గురువు వాయిస్తుంటే శ్రుతి జారిన మరుక్షణం చెవికి గుచ్చుకునేది. శ్రుతి పెట్టె వచ్చి ఆ చోటు పోయింది. పోయిన చోటునే పిల్లలు ఫోన్‌లో వెతుక్కుంటున్నారు, వాళ్ల తప్పేముంది? ఇటు కోరాపుట్ వైపు ధెంసా గిరిజన నృత్యానికి మొహురి (సన్నాయి లాంటిదే) ఊదేవాళ్లని చూడండి, ఆట సాగుతుండగా పాట తెగితే అడుగు తడబడుతుంది.

బరంపురం_వేణువు:
ఇద్దరూ పీక ఉన్న వాయిద్యం గురించే మాట్లాడుతున్నారు. పీక సన్నం కాబట్టి గాలికి ఎదురు ఒత్తిడి ఉంటుంది, బుగ్గలో ఉన్న కాస్త గాలీ ఆ సందులోంచి నిదానంగా వెళ్తుంది. వేణువుకి ఆ అడ్డు లేదు. పైగా బుగ్గ ఉబ్బితే పెదవుల మధ్య సందు ఆకారం మారి నాదం గాలిచప్పుడైపోతుంది. కాబట్టి వేణువు పిల్లలకి మొదటి ఏడాది వద్దే వద్దు.

ఇంకో మాట. 1997లో అమెరికా వాద్యకారుడు కెన్నీ జి ఈ పద్ధతిలోనే శాక్సఫోన్ మీద ఒకే స్వరాన్ని 45 నిమిషాల పైచిలుకు పట్టి రికార్డు కొట్టాడు. అది దమ్ముకి గొప్ప. కృతిలో పల్లవి ఎత్తుగడకి ముందు ఒక ఊపిరి ఉంటుంది, వినేవాడి ఊపిరీ అక్కడే పడుతుంది. దాన్ని చెరిపేస్తే ఆ పాటకి అందం ఎక్కడుంది?

గుణుపురం_గాలి:
వేణువు గారూ, ఊపిరి తీసుకునే చోటు మనం ఎంచుకోవాలి. దమ్ము అయిపోయి ఆగితే అది ఎంచుకున్నట్టు కాదు. ఆ స్వేచ్ఛ కోసమే ఇది.

క్రమం చెబుతాను. మొదటి మూడు నెలలూ సన్నాయి ముట్టకుండానే చేయించండి. నోటి నిండా నీళ్లు పట్టి, సన్నటి ధారగా ఉమ్ముతూ ముక్కుతో పీల్చి వదలమనండి. నాలుక వెనక భాగం లేచి అంగిలిని మూసిన సంగతి వాడికే తెలుస్తుంది. నీళ్లు గొంతులోకి జారుతున్నాయంటే నాలుక ఇంకా లేవలేదన్నమాట. తర్వాత సగం గ్లాసు నీళ్లలో సన్న స్ట్రా, కొస రెండంగుళాలు మునగాలి. స్ట్రా మధ్యలో వేళ్లతో కాస్త నొక్కిపట్టాలి, లావు గొట్టమైతే బుగ్గ రెప్పపాటులో ఖాళీ. బుడగలు తెగకుండా నిమిషం సాగితే ఉత్త పీక. పీక కూత వంకర పోకుండా నిలిచాకే సన్నాయి. అదీ పై స్థాయిలో ఒక్క స్వరం మీద. కింది స్వరాలకి గాలి ఎక్కువ కావాలి.

పర్లాకిమిడి_మేళం:
ఈ క్రమమైతే నాకు సగం అభ్యంతరం పోయినట్టే. మిగతా సగం గాలి లెక్క. ఉబ్బిన బుగ్గల్లో పట్టేది మహా అయితే ఒక టీ గ్లాసు గాలి. పెద్దవాళ్ల ఛాతీలో నాలుగు లీటర్లుంటే పదేళ్ల పిల్లాడికి రెండు లీటర్ల దగ్గరే. వాడు అరక్షణంలో ముక్కుతో లాగేది ఎంత? చిన్న చిన్న గుక్కలు పైపైన వేస్తూ పోతాడు, లోపలి చెడ్డగాలి బయటికి పోదు. రెండు నిమిషాలకి ఛాతీ నిండుగా ఉంటుంది, అయినా ఊపిరాడదు, కళ్లు తిరుగుతాయి. పిల్లలు దాన్ని దమ్ము చాలకపోవడం అనుకుని ఇంకా పీలుస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా తిరగేసి: ఆపి, ఉన్నదంతా వదిలేయడం. ఈ ఒక్క మాట ఏ వీడియోలోనూ నాకు కనబడలేదు, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

రాయగడ_శిష్యుడు:
స్ట్రా దగ్గర బాగానే ఉంది మాస్టారూ. సన్నాయి మీద బుగ్గనుంచి ఛాతీకి మారేచోట స్వరం కుక్కిన పేనులా పడిపోతుంది. ముక్కులోంచి బుస్సుమని చప్పుడు కూడా వస్తోంది.

గుణుపురం_గాలి:
రెండూ వేరు వేరు జబ్బులు తమ్ముడూ. ఊదుతుండగానే ముక్కులోంచి గాలి పోతుంటే కొండనాలుక పక్కనున్న మెత్తటి అంగిలి సరిగ్గా మూసుకోవట్లేదు. సాధన ఆపి రెండు మూడు రోజులు విశ్రాంతి, తర్వాత మెత్తటి పీక. అప్పటికీ తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించు. పీల్చేటప్పుడు మాత్రమే వస్తే అది గాబరా వల్లో జలుబు వల్లో; జలుబుంటే పోయాక, నెమ్మదిగా లాగు.

స్వరం పడిపోవడానికి కారణం, నువ్వు ఛాతీ ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నావు. ఇంకా మూడోవంతు గాలి మిగిలి ఉండగానే బుగ్గ నింపు. బుగ్గ పూర్తిగా అణగకముందే, కొద్దిగా ఉబ్బు ఉండగానే ఛాతీ గాలి అందించు. రెండు గాలులూ ఒక్క క్షణం కలిసి ప్రవహించాలి, పొలంలో ఒక మడవ కట్టేముందే రెండోది తెరిచినట్టు.

పర్లాకిమిడి_మేళం:
శ్రుతి పెట్టె పక్కన పెట్టుకునే చెయ్యి బాబూ. రోజుకి పది నిమిషాలు దాటొద్దు. ఇంట్లో ఎవరికైనా కంటి ఒత్తిడి జబ్బు (గ్లాకోమా) ఉంటే, నీ కళ్లు ఒకసారి చూపించుకున్నాకే మొదలెట్టు. గట్టి పీక ఊదుతుంటే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.