కారో-కాన్‌లో నాలుగో ఎత్తుకే హెచ్4 వస్తే ఏం ఆడాలి?

అందరికీ నమస్కారం. మహిళల చెస్ టోర్నమెంట్‌లో నల్లపావులతో ఆడి ఓడిపోయాను. ఆ గేమ్ గురించి మీ సలహా కావాలి.

ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) కారో-కాన్, అందులో అడ్వాన్స్ వేరియేషన్: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 (ప్రతి జతలో ముందు తెల్ల ఎత్తు, తర్వాత నల్ల ఎత్తు; గడి పేరు ఒక్కటే ఉంటే అక్కడికి బంటు కదిలిందని). నేను బిషప్‌ని ఎఫ్5లో పెట్టాను. నా ప్రత్యర్థి వెంటనే హెచ్4 తోసింది. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో బోత్విన్నిక్ మీద తాల్ ఆడింది ఇదేనట, తర్వాత తెలిసింది. నేను అలవాటు కొద్దీ ఈ6 ఆడేశాను. స్కోర్‌షీట్‌లో ఆవిడ ఎత్తు జీ4 అని రాస్తుంటేనే గుండె జారిపోయింది. బిషప్ ఈ4కి, ఎఫ్3తో తరిమితే జీ6కి, చివరికి హెచ్5. ఇక తప్పించుకోవడానికి గడి లేదు. సీ2 బంటుని మాత్రం తీసుకుని బిషప్ పోయింది. ఆ తర్వాత ఎంత పోరాడినా లాభం లేకపోయింది.

ఇంటికొచ్చి చూస్తే నాలుగో ఎత్తుకి హెచ్5, హెచ్6 రెండూ ఆడతారని అర్థమైంది. హెచ్5 ఆడితే తెల్ల బిషప్ డీ3కి వస్తుంది, ఆ బిషప్‌ల జత మార్చుకున్నాక రెండో బిషప్ జీ5లో తిష్ఠ వేస్తుంది. దాన్ని కదిలించడం కష్టం, రాజువైపు క్యాస్లింగ్ (రాజును ఏనుగు పక్కకు చేర్చి దాచుకోవడం) అంటే భయం. అక్కడ క్వీన్‌ని బీ6 మీదుగా ఏ6కి తెచ్చి మార్చుకోమంటున్నారు. అది నిజంగా సరిపోతుందా? లేక హెచ్6 ఆడి, తెల్ల జీ4 ఆడితే బిషప్‌ని డీ7కి తీసుకోవడమే మేలా?

ఈ లైన్ ఆడేవాళ్లు మీ అనుభవం చెప్పండి. మహిళల గేముల్లో చూడదగ్గవి ఉంటే అవి కూడా. వచ్చే టోర్నమెంట్‌లోనూ కారో-కాన్ వదలాలని లేదు.