క్యాన్సర్ ట్రయల్‌లో చేరమంటే ఏమేం అడగాలి?

గుంటూరు సభ్యురాలు:
శస్త్రచికిత్స జరిగిన ఏడాదికే నాన్నగారికి నోటి క్యాన్సర్ తిరగబెట్టింది. కొత్త చికిత్సలను రోగులపై పరీక్షించి చూసే క్లినికల్ ట్రయల్‌లో చేరవచ్చని చెప్పి, ఆసుపత్రివారు తెలుగులో సమ్మతి పత్రం ఇచ్చారు. తన మీద ప్రయోగాలేమిటని నాన్నగారు, ఖరీదైన మందు ఉచితంగా దొరుకుతుందని అన్నయ్య పట్టుబడుతున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

వరంగల్ సభ్యుడు:
మా ఆవిడ రొమ్ము క్యాన్సర్ ట్రయల్‌లో పాల్గొన్నది. ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత చికిత్స అన్నది కంప్యూటరే నిర్ణయిస్తుంది. అందులో డాక్టరుగారి ప్రమేయం ఉండదు. మాకు పాత చికిత్స వచ్చింది. ఆమె చాలా నిరాశపడింది కానీ, మందే ఇవ్వకుండా వదిలేస్తారన్న మా భయం నిజం కాలేదు. వాంతులు, జ్వరం ఏ పూట వచ్చాయో రాసేందుకు చిన్న పుస్తకం ఇచ్చారు. మామూలు చికిత్సలో అంత శ్రద్ధగా అడిగినవారు లేరు. దారి ఖర్చులు ఎవరు భరిస్తారో మాత్రం ముందే తేల్చుకోండి.

ముంబై సభ్యురాలు:
నేను ట్రయల్ కోఆర్డినేటర్‌ను. మొదట సి.టి.ఆర్.ఐ. (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడిగి, ఆ ట్రయల్ వివరాలను వెబ్‌సైట్‌లో మీరే చూడండి. పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకునే హక్కు మీకుంది. అక్కడికక్కడే సంతకం చేయమని తొందరపెడితే నేనైతే చేయను. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందించాలని మన దేశంలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై వచ్చిన 2019 నాటి నియమావళి చెబుతోంది. ప్రయోగమనగానే జంకనక్కరలేదు. టాటా మెమోరియల్ ఆసుపత్రి ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిపిన ట్రయల్‌లో, నోటి ద్వారా తీసుకునే మందులకు మూడు వారాలకొకసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి మళ్లించే ఇంజెక్షన్) జోడిస్తే, ఏడాది తర్వాత జీవించి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఆ రోగులు ఒప్పుకోకపోయి ఉంటే, పేదవారికి అందుబాటులో ఉండే ఈ మోతాదు పనిచేస్తుందని తెలిసేదే కాదు.

ఖమ్మం సభ్యుడు:
మా అన్నయ్య నీరసం తట్టుకోలేక మధ్యలోనే మానేశాడు. కారణం చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయలేదు, మామూలు చికిత్సా ఆగలేదు. ఉచితమన్న ఒక్క కారణంతో మాత్రం చేరవద్దండీ. నిర్ణయం మీ నాన్నగారిదే కావాలి, ఎందుకంటే సూది గుచ్చేది ఆయనకే.

గుంటూరు సభ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. మందు పనిచేస్తుండగానే ట్రయల్ ముగిసిపోతే ఏమవుతుంది?

ముంబై సభ్యురాలు:
వేరే చికిత్స లేని రోగికి మందు మేలు చేస్తున్నదని డాక్టరు భావించి, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ కూడా ఆమోదిస్తే, ఆ తర్వాతా ఉచితంగా ఇచ్చే వీలు అదే నియమావళిలో ఉంది. మీ పత్రంలో ఆ మాట ఉన్నదో లేదో చూడండి. లేకపోతే సంతకానికి ముందే అడగండి.