రొయ్యల గుంటల జబ్బు సమాచారం: రైతు, హేచరీ, ల్యాబ్ కలిసి పంచుకునేదెట్లా?

క్రీక్‌గట్టు:
ఇందుకూరుపేట వైపు ఒకే క్రీక్ నీళ్లు తోడుకునే గుంటలు 35. సొసైటీ ఉంది. అయినా సీడ్ (రొయ్య పిల్లలు) వివరం ఆ పిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీ దగ్గర, పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యువును పట్టే పరీక్ష) రిపోర్టు ల్యాబ్ దగ్గర, మేత లెక్క డీలర్ టెక్నీషియన్ దగ్గర ఆగిపోతున్నాయి. వైట్‌స్పాట్ (తెల్లమచ్చ వైరస్ జబ్బు) వచ్చిన గుంట నీళ్లు క్రీక్‌లో పడ్డాకే పక్కవాళ్లకు తెలుస్తోంది. యాప్ చేయించాలా?

సొసైటీలెక్క:
యాప్ ఇప్పుడే వద్దు, అన్నా. ఒక పుస్తకం, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. గుంట నంబరు, సీడ్ వేసిన తేదీ, హేచరీ బ్యాచ్ నంబరు, జబ్బు అనుమానం వచ్చిన రోజు, నీళ్లు వదిలే రోజు, ఈ ఐదే రాయండి. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), టన్నులు వద్దు. అవి పొక్కితే బయ్యర్ ధర కోస్తాడు, ఆ భయంతోనే రైతు జబ్బు దాస్తాడు. బయ్యర్లను గ్రూపులో చేర్చొద్దు.

హేచరీ ఊరికే బ్యాచ్ వివరం ఇవ్వదు. 35 గుంటలకూ ఒకే ఆర్డరు పెట్టి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయాలని షరతు పెట్టండి. బదులుగా 30వ రోజు ఎదుగుదల, ఎంత బతికిందీ వాళ్లకు పంపండి. వాళ్లకూ అది అవసరమే.

పీసీఆర్‌బల్ల:
రెండు ల్యాబుల రిపోర్టులు కలవకపోతే ముందు శాంపిల్ చూడండి. సీడ్ అయితే ట్యాంకులో నాలుగైదు చోట్ల నుంచి 150 పిల్లలు తీయాలి. నూటికి రెండింటికి జబ్బున్నా దొరికే అవకాశం 95 శాతం ఉండే లెక్క అది. 20 పిల్లలే తీస్తే మూడింట ఒక వంతు అవకాశమే. గుంట రొయ్యల్లో వైట్‌స్పాట్‌కు మొప్పలు, ఈహెచ్‌పీకి (ఎదుగుదల ఆపే సూక్ష్మజీవి జబ్బు) లివర్ తీయాలి. 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, ఫార్మలిన్ వద్దు. అనుమానముంటే ఒకే శాంపిల్‌ను రెండు చేసి, ఒకటి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ వాళ్లను అడిగి చూపించండి.

క్రీక్‌గట్టు:
జబ్బని తేలాక నీళ్లు ఎన్నాళ్లు ఆపాలి?

సొసైటీలెక్క:
తూము బిగించి 30 పీపీఎం (ఘనపు మీటరు నీటికి 30 గ్రాములు) క్లోరిన్ వేసి, కనీసం నాలుగు రోజులు. ఎకరం గుంట మీటరు లోతుంటే సుమారు 4,000 ఘనపు మీటర్లు, అంటే క్లోరిన్ 120 కిలోలు. బ్లీచింగ్‌లో క్లోరిన్ 30 శాతమే అయితే పొడి 400 కిలోలు పడుతుంది. చాలామంది 120 కిలోల పొడే చల్లుతారు, వైరస్ చావదు. క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూశాకే వదలండి. ముందురోజే గ్రూపులో పెడితే మిగతావాళ్లు ఆ పోటుకు మోటర్లు ఆపుకుంటారు. చచ్చిన రొయ్యను గట్టున పడేస్తే కాకులు పక్క గుంటలో వేస్తాయి, సున్నం పోసి పూడ్చాల్సిందే.

ఈ 400 కిలోల ఖర్చు ఒక్కడి నెత్తిన పడితే రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తాడు. సీడ్ కొనేటప్పుడే ఎకరాకింత అని సొసైటీలో జమ చేయించి, జబ్బును ముందే చెప్పినవాడికి బ్లీచింగ్ ఆ డబ్బుతో ఇవ్వండి.