కంప్యూటర్ హాట్‌స్పాట్‌కి ఫోన్ కనెక్ట్ అవుతోంది, నెట్ మాత్రం రావడం లేదు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నెట్ కేబుల్ నేరుగా డెస్క్‌టాప్‌కే వస్తుంది, రౌటర్ లేదు. విండోస్ 10 వాడుతున్నాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ డయల్ చేస్తేనే నెట్ వస్తుంది. ఫోన్లలో కూడా వాడుకుందామని యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి తగిలించి, సెట్టింగ్స్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేశాను.

ఫోన్‌లో పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ కూడా అవుతోంది. కానీ వెంటనే "ఇంటర్నెట్ లేదు" అంటోంది. ఫోన్‌కి 192.168.137తో మొదలయ్యే ఐపీ అడ్రస్ (విండోస్ హాట్‌స్పాట్ ఇచ్చేది) వచ్చింది కాబట్టి కంప్యూటర్‌కీ ఫోన్‌కీ మధ్య లింకు బాగానే ఉన్నట్టుంది. అదే సమయంలో కంప్యూటర్‌లో వీడియోలు హాయిగా నడుస్తున్నాయి!

నా అనుమానం ఒక్కటే: హాట్‌స్పాట్ పేజీలో ఏ కనెక్షన్ పంచాలో ఎంచుకునే చోట ఈథర్నెట్ (కేబుల్ కనెక్షన్) ఒక్కటే చూపిస్తోంది, నేను డయల్ చేసే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ లేదు. ఆ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అనే ట్యాబ్ ఉంది. అక్కడ టిక్ పెట్టి, హాట్‌స్పాట్ అడాప్టర్‌ని ఎంచుకుంటే సరిపోతుందా? ఉన్న నెట్ కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉండి ఇంకా ముట్టుకోలేదు.

ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూశాను, తేడా లేదు. డీఎన్ఎస్ (సైట్ పేర్లకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) 8.8.8.8 అని ఫోన్‌లో పెట్టి చూశాను, అదీ అంతే. రౌటర్ కొనుక్కోమని చెప్పేవాళ్లకి ముందే దండం, అది ఆఖరి దారిగా ఉంచుకున్నాను. ఇలాంటి డయల్ కనెక్షన్‌ని హాట్‌స్పాట్‌తో పంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ వరుసలో చేశారో కాస్త చెప్పండి. ముందు డయల్ చేయాలా, ముందు హాట్‌స్పాట్ ఆన్ చేయాలా?