ఎలుక కొరికిన 500 నోట్లు బ్యాంకులో తీసుకుంటారా?

పల్నాడు కుర్రోడు:
అన్నలూ అర్జెంటు డౌట్. మా అమ్మమ్మ మిర్చి డబ్బులు కవర్లో చుట్టి బియ్యం బస్తా వెనకాల దాచింది, ఎలుక పని చేసింది. అన్నీ 500లే. కొన్నింటికి మూల పోయిందంతే, కొన్ని సగం దాకా పోయాయి, ఒకటైతే మధ్యకి రెండు ముక్కలు. ఊళ్లో బ్యాంకుకి పట్టుకెళ్తే ఇవి ఇక్కడ కాదమ్మా రిజర్వ్ బ్యాంకుకే పోవాలి అన్నారంట. టౌన్లో ఒకాయన సగం రేటుకి తీసుకుంటానంటున్నాడు, ఇచ్చేయమంటారా?

సైకిల్ శీను:
ఇవ్వకు బ్రో. వాడు వాటిని తీసుకెళ్లి మార్చేది కూడా బ్యాంకులోనే 😀

పాత క్యాషియర్:
బాబూ, నేను కౌంటర్లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి, చెప్తా విను. 50 రూపాయలు, ఆ పైన నోట్లకి రూల్ ఏంటంటే మిగిలిన ముక్కల్లో పెద్దది నోటులో 80 శాతం దాటి ఉంటే మొత్తం డబ్బులు, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం, 40 లోపైతే ఏమీ రాదు. ఇప్పటి 500 నోటు 66 మిల్లీమీటర్లు వెడల్పు 150 పొడవు, అంటే 99 చదరపు సెంటీమీటర్లు. ముక్క 80 సెంటీమీటరు గళ్లు ఉంటే ఫుల్లు, 40 ఉంటే సగం. పిల్లల గ్రాఫ్ పేపర్ మీద పెట్టి పెన్సిల్‌తో గీసి గళ్లు లెక్కపెట్టుకో, కౌంటర్లో ఎవరేమన్నా నీ లెక్క నీకుంటుంది. మీ రెండు ముక్కల నోటు ఒకే నోటుదై ఒక్కోటి 40 శాతానికి తగ్గకుండా ఉంటే ఫుల్ వస్తుంది, ఆ చిన్న ముక్క చెత్తలో పారేయకండి దయచేసి.

లక్ష్మీ కిరాణా:
మరి పదులు ఇరవైలు? మా కొట్లో రోజూ వచ్చేవి అవే, పాలవాడు తీసుకోడు కూరగాయలామె తీసుకోదు చివరికి మా గల్లాపెట్టెలోనే ఉండిపోతాయి

పాత క్యాషియర్:
అమ్మా, 20, అంతకన్నా చిన్న నోట్లకి సగం డబ్బులనే మాటే లేదు. సగం కంటే ఎక్కువ ఉంటే మొత్తం ఇస్తారు, లేకపోతే సున్నా. ఇక మీ దగ్గరున్నవి ఉత్తగా నలిగి మాసినవైతే అది ఇంకా ఈజీ, రోజుకి 20 నోట్లు, 5000 రూపాయల దాకా ఏ బ్యాంకులోనైనా ఫ్రీగా మార్చాలి, అకౌంట్ లేకపోయినా సరే.

గోదారి గట్టు:
నంబర్ ఉన్న వైపు పోతే చెల్లదని మా బావ అంటాడు నిజమేనా

పాత క్యాషియర్:
ఒట్టి నంబర్ పోయిందని తిప్పి పంపకూడదు. అసలు నోటేనని తేలాలి, సైజు సరిపోవాలి. కావాలని కత్తిరించినట్టు ఉంటే మాత్రం రిజెక్టే.

సైకిల్ శీను:
పెన్ను గీతలుంటే చెల్లదని వాట్సాప్‌లో తిరుగుతోంది కదా అది కూడా ఉత్తదే. రాజకీయ నినాదాలు, మతం మెసేజ్‌లు రాసుంటే మాత్రం మార్చరు. ఇంకోటి, ఏటీఎంలో చిరిగిన నోటు వస్తే ఏటీఎం ఏ బ్యాంకుదో ఆ బ్యాంకుకే వెళ్లాలి, స్లిప్ పారేయొద్దు.

పల్నాడు కుర్రోడు:
థాంక్యూ సార్. మరి రిజర్వ్ బ్యాంకుకి పొమ్మన్నారు కదా దానికేం చెప్పాలి?

పాత క్యాషియర్:
చిన్న బ్రాంచైనా ఒక మనిషి రోజుకి 5 నోట్ల దాకా తెస్తే కౌంటర్లోనే చూడాలి, వాళ్ల చేతిలో తేలకపోతే రసీదు ఇచ్చి చెస్ట్ బ్రాంచ్‌కి, అంటే రిజర్వ్ బ్యాంకు నోట్ల నిల్వ ఉండే బ్రాంచ్‌కి, పంపాలి. ఎక్కువుంటే, అదీ 5000 దాటితే, మీరే చెస్ట్ బ్రాంచ్‌కి వెళ్లడం మంచిది, దగ్గర్లో ఏదో మీ బ్యాంకులోనే అడగండి. బాగా కాలి పెళుసైపోయినవి, ఉండలా అతుక్కుపోయినవి అయితేనే రిజర్వ్ బ్యాంకు, మనకి హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉంది. కాలిన నోట్లని విడదీయకండి, ఉన్నవి ఉన్నట్టే డబ్బాలో పెట్టి తీసుకెళ్లాలి. బ్రాంచ్‌లో అప్పటికీ తీసుకోకపోతే మేనేజర్‌ని ఆ మాటే రాసిమ్మని అడుగు, గొంతు మారుతుంది. అదీ కాకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల నంబర్ 14448.

గోదారి గట్టు:
2021లో మైలవరంలో ట్రంకుపెట్టెలో దాచిన లక్షలు చెదలు తినేశాయి కదా, పేపర్లలో ఫోటోలు చూసి మా ఇంట్లో ఆ వారమే అకౌంట్ తెరిపించారు

పల్నాడు కుర్రోడు:
అప్‌డేట్. చెస్ట్ బ్రాంచ్‌లో ఒక మేడమ్ ఒక్కో నోటు గళ్ల కాగితం మీద పరిచి కొలిచారు, అమ్మమ్మ పక్కన నించుని "ఇది కొంచెమే పోయిందమ్మా, చూడు" అంటూనే ఉంది. మూల పోయినవి ఫుల్, మధ్యరకం వాటికి 250 చొప్పున, రెండు ముక్కలది ఫుల్ వచ్చింది. బాగా తినేసిన రెండింటికి రాలేదు. టౌన్లో ఆయన ఇస్తానన్నదానికంటే చాలా ఎక్కువే. డబ్బులు అకౌంట్లో వేద్దామంటే మాత్రం ఒప్పుకోవట్లా, స్టీల్ డబ్బా కొనమంటోంది 🙏

లక్ష్మీ కిరాణా:
😂 మా అత్తగారి పాత చీర మడతలో రెండువేల నోటు దొరికింది మొన్న, దాని సంగతేంటి సార్

పాత క్యాషియర్:
చెల్లుతుందమ్మా. బ్యాంకుల్లో తీసుకోవడం 2023 అక్టోబర్ 7తో ఆపేశారు. సైఫాబాద్ ఆఫీసుకి వెళ్లొచ్చు, లేదంటే ఏ పోస్టాఫీసు నుంచైనా అక్కడికి పంపొచ్చు, అకౌంట్లో వేస్తారు. ఐడీ ప్రూఫ్, అకౌంట్ వివరాలు జతచేయండి.