కోరంగి: ఊరా, జనమా, తిట్టా?

గ్రూపులో పెద్దలకు ఒక ప్రశ్న. మొన్న మా అత్తయ్యను చూపించడానికి ఇక్కడ చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు దగ్గర ఒక ఆసుపత్రికి వెళ్తే, మారిషస్ నుంచి వైద్యానికి వచ్చిన పెద్దాయన పక్కన కూర్చున్నారు. మా మాటలు విని, ఆగి ఆగి, "మేమూ తెలుగు, కోరంగి" అన్నారు. కాకినాడ పక్కన కోరంగేనా అంటే "ఊరు కాదు, మా జనం" అన్నారు! ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుకభాష) అట, తెలుగు పండగలకూ భజనలకూ మాత్రమే. చేతిలో రామభజనల నోటుపుస్తకం, పాటలు తెలుగే కానీ రాసింది ఇంగ్లిషు అక్షరాల్లో, అదీ ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో, 'రాముడు'లో ఒక్కో ఉకారానికి ఓ, యు రెండూ పెట్టి.

1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాల్సొచ్చింది. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు దిగారు, ఎక్కువమంది మన దేశం వాళ్ళే. సొంతూరు ఏదైనా కోరంగి రేవులో ఓడెక్కితే కోరంగివాళ్ళే. ఒంటి పేరుతో దిగిన తాత పేరే మనవలకు ఇంటిపేరైపోయింది. బర్మాలోనూ తెలుగు కూలీలను కోరంగీలనే అన్నారు. నా సందేహం, ఇది ఈసడింపుగా పెట్టిన పేరా?

కామెంట్: అమరకోశంలో కోరంగీ అంటే చిన్న ఏలకులు కదండీ, దానికీ దీనికీ చుట్టరికం ఉందా?

జవాబు: మాట కలిసింది కదా అని చుట్టరికం కలిపేస్తే ఎలా మాస్టారూ! ఇది ఓడలు కట్టిన రేవు, 1839 తుఫానుకు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులే గుర్తొస్తాయి.

ఇంకో కామెంట్: తిట్టా కాదా అన్నది ఎవరు ఎవర్ని అన్నారో చూస్తే గానీ తేలదండి. మలేషియాలో మన దేశం వాళ్ళను 'క్లింగ్' అనేవారు, కళింగం నుంచి వచ్చిందంటారే ఆ మాట, ఇవాళ అంటే గొడవే. ఇదే మద్రాసులో మనల్ని తెల్లవాళ్ళు జెంటూలన్నారు, క్యాంప్‌బెల్ 1816 తెలుగు వ్యాకరణం పేరులోనే ఆ మాటుంది. మూలం పోర్చుగీసు, అన్యమతస్థుడని అర్థం. మరి దానికి ఏమందాం?

జవాబు: నిజమే. ఆ మారిషస్ పెద్దాయన మాత్రం కోరంగి అని దర్జాగానే చెప్పుకున్నారు. టోకెన్ నంబరు పిలిచేలోపు "మీవాళ్ళు ఏ రేవు?" అని నన్నడిగారు. నాలుగు తరాలుగా ఇక్కడే అన్నాను. "అయితే మద్రాసు" అని తేల్చేసి లేచారు.