రొమ్ము క్యాన్సర్ పాకకుండా ఆపాలంటే ఎవరోలిమస్ మందు సరిపోతుందా, ఎమ్ఎన్‌కే అనే ఎంజైమ్‌ని ఆపాలా?

అలిపిరి_బయోకెమ్:
ప్రోటీన్ తయారీ మొదలు కావాలంటే ఈఐఎఫ్4ఈ అనే ప్రోటీన్ వచ్చి ఎమ్ఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీ సూచనలు మోసే అణువు) మొదట్లో ఉండే క్యాప్‌ను పట్టుకోవాలి. దాని మీద రెండు అదుపులున్నాయి. 4ఈ-బీపీ1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని కట్టేసి ఉంచుతుంది. ఎమ్‌టార్ అనే ఎంజైమ్ ఆ కట్టు విప్పుతుంది, ఎవరోలిమస్ ఆపేది ఈ ఎమ్‌టార్‌నే. ఇక ఎమ్ఎన్‌కే, ఈఐఎఫ్4ఈలో 209వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. గడ్డ పెరగడం సంగతి ఎలా ఉన్నా, పాకడానికి ఈ రెండోదే కీలకం అంటాను. ఆ సెరీన్‌ను ఫాస్ఫేట్ పట్టని అలనిన్‌గా మార్చిన ఎలుకలు మామూలుగానే పెరుగుతాయి. కానీ రొమ్ము గడ్డల మోడల్‌లో వాటి ఊపిరితిత్తులకు క్యాన్సర్ పాకడం తగ్గిందని 2015లో వచ్చిన పేపర్ చూపింది. స్నెయిల్, ఎమ్ఎమ్‌పీ-3 అనే ప్రోటీన్ల తయారీ పడిపోవడమే కారణం. మొదటిది కణాన్ని పక్క కణాల నుంచి విడిపిస్తుంది, రెండోది కణాల చుట్టూ ఉన్న ప్రోటీన్ల అల్లికను (మాత్రికను) కోస్తుంది.

ఆంకో_చిత్తూరు:
అన్నా, ఎలుకలో బాగుంది సరే, పేషంటుకు ఏం రాసివ్వాలి? చేతిలో ఉన్నది ఎవరోలిమస్ 10 మి.గ్రా., రోజుకొకటి, ఈస్ట్రోజెన్‌ను తగ్గించే ఎక్సెమెస్టేన్‌తో కలిపి. హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ రిసెప్టర్లు ఉన్న), హెర్2 నెగటివ్ (హెర్2 ప్రోటీన్ ఎక్కువ లేని) జబ్బులో బొలెరో-2 ట్రయల్ చూపించింది ఇదీ: జబ్బు ముదరకుండా ఉన్న కాలం ఎక్సెమెస్టేన్ ఒక్కటే ఇచ్చినప్పటి 3.2 నెలల నుంచి 7.8కి పెరిగింది. నోటిపూత వస్తుందని భయపడి మధ్యలో మానేసేవాళ్లుంటారు. డెక్సామెథసోన్ మౌత్‌వాష్ (మి.లీ.కు 0.1 మి.గ్రా.) 10 మి.లీ. రెండు నిమిషాలు పుక్కిలించి ఉమ్మేయాలి, రోజుకు నాలుగుసార్లు, తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, పూత వచ్చాక కాదు.

అలిపిరి_బయోకెమ్:
మౌత్‌వాష్ సలహా బంగారం. కానీ అదే ట్రయల్‌లో మొత్తం బతికిన కాలం ఎవరోలిమస్ కలిపినవాళ్లకు 31.0 నెలలు, కలపనివాళ్లకు 26.6, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. నా ఉద్దేశంలో కారణం ఇదీ: ఎవరోలిమస్, ఎమ్‌టార్ కింద పనిచేసే ఎస్6 కైనేజ్ అనే ఎంజైమ్‌ను గట్టిగా ఆపినా, 4ఈ-బీపీ1 దారిని అరకొరగానే ఆపుతుంది. పైగా ఎస్6 కైనేజ్ ఆగితే కణాన్ని బతికించి పెంచే ఏకేటీ ఎంజైమ్ మళ్లీ లేస్తుంది.

సుక్రోజ్_గ్రేడియంట్:
ఇద్దరికీ ఒక మాట. పురోమైసిన్ బ్లాట్ (కొత్తగా తయారయ్యే మొత్తం ప్రోటీన్‌ను చూపే పరీక్ష) ఒక్కటే చూసి "ట్రాన్స్‌లేషన్ (ప్రోటీన్ తయారీ) తగ్గలేదు, కాబట్టి ఎమ్ఎన్‌కేతో పని లేదు" అనకండి. మారేది మొత్తం తయారీ కాదు, కొన్ని ఎమ్ఆర్ఎన్ఏల వంతు. అది పాలిసోమ్‌లలోనే (ఒకే ఎమ్ఆర్ఎన్ఏ మీద వరుసగా ఎక్కిన రైబోసోమ్‌ల గుంపుల్లో) కనబడుతుంది. రైబోసోమ్‌లను ఉన్నచోటే ఆపే సైక్లోహెక్సిమైడ్ మి.లీ.కు 100 మైక్రోగ్రాములు, 5 నిమిషాలు. 10–50 శాతం సుక్రోజ్ గ్రేడియంట్. సెంట్రిఫ్యూజ్‌లో 36,000 ఆర్‌పీఎమ్, 4 డిగ్రీలు, 2 గంటలు. కణాలను కడిగే పీబీఎస్ ఉప్పుద్రావణంలోనూ అదే మోతాదు సైక్లోహెక్సిమైడ్ ఉండాలి, మంచులా చల్లగా ఉండాలి. లేకపోతే రైబోసోమ్‌లు ఎమ్ఆర్ఎన్ఏ చివరిదాకా పోయి జారిపోతాయి. పాలిసోమ్ శిఖరాలు కుంగి 80ఎస్ (ఒంటరి రైబోసోమ్‌ల) శిఖరం లేస్తుంది, మనం పరీక్షిస్తున్న మందే పనిచేసిందనుకుంటాం. మే నెల తిరుపతి ఎండలో ట్రే కింద ఐస్ ఎప్పుడు నీళ్లయిందో కూడా తెలీదు, చూసుకోండి.

పాథాలజీ_చంద్రగిరి:
ఫాస్ఫో-ఈఐఎఫ్4ఈ (ఫాస్ఫేట్ పడ్డ ఈఐఎఫ్4ఈ) స్టెయిన్ చూసి పేషంట్లను ఎంచుకోవాలన్న ఆలోచన ఉంటే ముందు టిష్యూ సంగతి చూడాలి. చిత్తూరులో కోసిన ముక్కను సెలైన్‌లో వేసి తిరుపతికి పంపితే, దారిలోనే ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్‌ను పీకేస్తాయి. స్టెయిన్ నెగటివ్ వస్తుంది, అది అబద్ధం. కోసిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, పెద్ద స్పెసిమెన్ అయితే ముందే చీరాలి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. పక్క సెక్షన్‌లో మొత్తం ఈఐఎఫ్4ఈ కూడా వేయండి, అది లేని ఫాస్ఫో స్కోరును నేను ఒప్పుకోను.

ఆంకో_చిత్తూరు:
ఇది ఒప్పుకుంటా. కోసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము రెండూ రిక్విజిషన్ మీద రాయిస్తాం. మందు మాత్రం, మనుషుల్లో ఎమ్ఎన్‌కే ట్రయల్ గెలిచేదాకా ఎవరోలిమసే.